నా నూటముప్పై శాతం దిగుబడి

ఆ రోజుల్లో నేను ఎవరినీ ఏదీ అడిగేవాణ్ణి కాదు. అడిగితే చులకనైపోతానన్న భయం వల్ల కాదు, నిజంగానే నాకన్నీ తెలుసునన్న నమ్మకం వల్ల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసై, బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ దాటాక ఉన్న ఒక చిన్న ల్యాబులో చేరి అయిదు నెలలైంది. మందుల కంపెనీలు అడిగిన పదార్థాన్ని గ్రాముల్లో తయారుచేసి పంపడం మా పని. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో నెల ఉంది. అయినా నా నడక చూసినవాళ్ళు ఆ ల్యాబు మా తాతగారు కట్టించారేమో అనుకునేవారు.

నాకు పని నేర్పిన సీనియరుది హిందూపురం వైపు. ల్యాబులో అందరికీ ఆవిడ అక్కే. రెండు నెలలు కష్టపడి, ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిది రియాక్షన్లు నడిపి, ఇరవై గ్రాముల బ్రోమిన్ పదార్థం చేసింది. ఆఖరి రియాక్షన్ మిగిలి ఉండగా, కూతురికి చెవులు కుట్టించడానికి ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. "మావాడు చేస్తాడు సార్, నాది పూచీ" అని బాసుకు చెప్పింది. నాతో మాత్రం "జాగ్రత్తప్పా! ఇది పోతే మళ్ళా చేసేకి నాకు ఓపిక లేదు. సోమవారం పంపాల" అంది. "మీరు హాయిగా వెళ్ళిరండక్కా, డీబీయూతో పనేగా, అదెంతసేపు!" అన్నాను.

డీబీయూ అంటే ఒక క్షారం. సున్నం, సోడాల కులమే గానీ, ఇది కార్బన్ ఇంట పుట్టింది. నూనెలా ఉంటుంది, చేపల వాసన కొడుతుంది. మహా బలమైనది, కానీ పెద్దమనిషి. అణువులో మిగతావాటి జోలికి పోకుండా, ఒక హైడ్రోజన్‌ను మాత్రం లాగేసుకుంటుంది. దాంతో పక్కనున్న బ్రోమిన్ కూడా తట్టాబుట్టా సర్దుకుంటుంది. ఆ ఖాళీలో జంట బంధం ఏర్పడితే మనకు కావలసిన సరుకు తయారైనట్టే. పుస్తకంలో ఒక్క వాక్యం. (వాక్యాలు నాకు బాగా వచ్చు.)

గురువారం పొద్దున బ్రోమిన్ పదార్థాన్ని టోలుయిన్ అనే ద్రావకంలో కరిగించి, డీబీయూను చుక్క చుక్కగా వేసి, వెచ్చబెట్టాను. మధ్యాహ్నానికి అడుగున తెల్లగా, కొబ్బరి కోరులా ఏదో దిగింది. అబ్బ, ఏం అందం! వడగట్టి, కడిగి, ఆరబెట్టాను. కింద మిగిలిన పచ్చటి ద్రావణాన్ని వ్యర్థాల క్యాన్‌లో పోసి, సీసా కూడా తోమిపెట్టాను. శుక్రవారం పొద్దున తూచి లెక్క కడితే దిగుబడి నూటముప్పై శాతం! వందకు మించి రావడం ప్రకృతికే చేతకాదు. అయినా నాకు నా మీద అనుమానం రాలేదు, త్రాసు మీద వచ్చింది. అది పాడైందని ఫిర్యాదు రాసిచ్చి, తెల్లటి పొడి ఫోటో అక్కకు పంపాను.

వెంటనే ఫోను. "బాగుండాదప్పా. వడగట్టినాక వచ్చిన నీళ్ళేవి?"

"పారబోసేశానక్కా. ల్యాబ్ క్లీన్‌గా ఉండాలి కదా!"

అక్క "ఆ పొడి చిటికెడు తీసి నీళ్ళలో వేయి" అంది. వేశాను. మాయమైపోయింది. మా సరుకు నీళ్ళలో చచ్చినా కరగదు. "అది డీబీయూ ఉప్పప్పా! లాక్కున్న హైడ్రోజన్ను, బ్రోమిన్ను చంకనేసుకోని అడుగున కూర్చుంటాది. సరుకు పైన టోలుయిన్‌లో ఉండాది. చింతపండు పిసికి, పిప్పి దాచిపెట్టి రసం పారబోసినావు కదరా నాయనా!" అంది. తిట్టినట్టు లేదు, ఏడ్చినట్టు ఉంది.

వ్యర్థాల లారీ వచ్చేది శుక్రవారమే. పెరటి షెడ్డుకు పరుగెత్తాను. లారీ నిండిపోయి, ఇంజను కూడా స్టార్టయింది. క్యాన్లు చూసుకునే అత్తిబెలె ఊరి మామను పట్టుకుని "మామా, నా క్యానూ..." అన్నాను.

"నీదా? ఆ మూల పడేసినా. లేబుల్ మీద ఏం పోసినావో రాయలేదు. రాయని క్యాన్ లారీ ఎక్కదని ఎన్నిసార్లు చెప్పల్లప్పా నీకు? చదువుకున్నోడివేనా?" అని మామ అరుస్తుంటే, నేను ఆయన్ను వాటేసుకున్నాను. (నా జన్మలో నన్ను కాపాడింది నా బుద్ధి కాదు, బద్ధకం.)

అందులో అప్పటికే ఎవరో సీసాలు కడిగిన అసిటోన్ పోశారు. మూడు రోజులు ఆ కషాయాన్ని కాచి, కడిగి, సిలికా పొడి నింపిన గొట్టంలోంచి ఓపిగ్గా దించితే తొమ్మిది గ్రాములు దక్కింది. కంపెనీవాళ్ళు అడిగింది ఎనిమిది. సోమవారం అక్క వచ్చి, పరీక్షలన్నీ చేసి, "శుభ్రంగా ఉండాది. తక్కువెందుకైందో సార్‌కు నేను చెప్తాలే" అంది. వద్దని, నేనే వెళ్ళి ఫిర్యాదు రాసిన త్రాసుతో సహా అంతా చెప్పేశాను. ఆయన నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక "సరే, వెళ్ళు" అన్నారు.

"ఇక నా ఉద్యోగం గోవిందా అక్కా" అన్నాను బయటికొచ్చి.

"నీ ఉద్యోగం బుధవారమే ఖాయమైందప్పా. ఊరికి పోయే ముందు సార్‌తో సంతకం పెట్టించే పోయినా. చెప్తే యాడ గాలిలో తేలిపోతావోనని చెప్పలా" అంది.

ఇప్పుడు కొత్తవాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టేది నేనే. పెట్టే ప్రతిసారీ ఆ నడకా, ఆ కుర్రాడూ కళ్ళ ముందుకొచ్చి నవ్వొస్తుంది. వాడి మీద వాడికంత నమ్మకం ఎందుకుండేదో నాకు తెలుసు. అక్కకు ఎందుకుండేదో మాత్రం ఇప్పటికీ అర్థం కాదు.