వంటింటి కన్నానికి సన్మానం

ముందే చెబుతున్నా, మన ఒమాన్ తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్లో ఎవరూ నాకు శాలువా కప్పకండి. దండం పెడతాను! ఇప్పటిదాకా కప్పినవి చాలు. వాటివల్ల మొన్న శుక్రవారం మా ఓనరు ముందు నా పరువేమైందో వినండి.

రుసైల్ ఫ్యాక్టరీలో నా ఉద్యోగమే సేఫ్టీ కదా. హెల్మెట్ లేకుండా ఒక్కడు కనిపించినా క్లాసు పీకేస్తాను. అలాంటి నా ఇంట్లోనే, ఉప్మా చేయబోతూ మా ఆవిడ కేక పెట్టింది. "ఏవండీ, గ్యాస్ వాసన!"

పరిగెత్తి సిలిండర్ కట్టేశాను. కిటికీలు తెరిచి ఇద్దరం మెట్ల మీదకొచ్చి పడ్డాం.

"ఇవాళ ఇది బాగవకపోతే ఇల్లు మారిపోదామండీ" అంది.

మారడమా? అబూ సాలిం లాంటి ఓనరు మళ్లీ దొరుకుతాడా? గోను తుఫానప్పుడు కుళాయిలు ఎండిపోతే, ఆ వయసులో మెట్లెక్కి మాకు మంచినీళ్లు మోసుకొచ్చిన మనిషి. ఆయనకి హిందీ బాగా వచ్చు, అందుకే బాబాయ్ అన్నట్టు చాచా అనే పిలుస్తాను. కానీ ఆ టైములో నాలో సేఫ్టీ ఆఫీసరు నిద్రలేచాడు. ఫోన్ చేసి అందుకున్నాను.

"చాచా, అద్దెకిచ్చిన ఇంట్లో గ్యాస్ పైపు బాగుందో లేదో చూడాల్సింది ఓనరే! గాలి ఆడేలా చూడటం కూడా మీ బాధ్యతే! చట్టం ఊరుకోదు!"

ఏ చట్టమో నాకూ తెలీదు. గొంతు మాత్రం లాయరుదే.

"అచ్ఛా బేటా. మీరిద్దరూ లోపలికి వెళ్లకండి, వస్తున్నా" అన్నాడాయన. అంతే. కోపం లేదు, ఏం లేదు.

మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చేశాడు. అతను సబ్బు నురగ రాసి చూసి, స్టవ్ వెనక రబ్బరు ట్యూబు చిట్లిందన్నాడు. కొత్తది బిగించాడు.

"తప్పు నాదే, ముందే మార్పించాల్సింది" అన్నాడు చాచా. నేను గెలిచినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

"ఇంత చిన్న లీకుకి వాసన ఇంతలా నిలవకూడదే. నేల దగ్గర గాలి కన్నం లేదా?" అన్నాడు మెకానిక్.

"ఎందుకు లేదు? దగ్గరుండి కొట్టించాను!" అంటూ చాచా ఉల్లిపాయల బుట్ట జరిపి నేలమీద కూర్చున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పోయిన నెల దుమ్ము గాలికి వంటిల్లంతా ఇసుక పడుతోందని మా ఆవిడ గొడవ పెడితే, ఆ కన్నంలో గుడ్డ కుక్కింది నేనే! మన సంఘం వాళ్లు కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయిగా, పైన ఉన్నది లాగి కుక్కేశాను.

చాచా లాగాడు. వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తూనే ఉంది. దుమ్ము దులిపాడు. చుట్టూ ఊదారంగు కుట్టుపని బయటపడింది.

అది శాలువా కాదండీ. ఒమానీలు తలకు చుట్టుకునే ముస్సర్. రంజాన్ పండక్కి చాచా తన చేతులతో నా తలకు చుట్టి ఇచ్చింది. శాలువాల్లో కలిసిపోయింది.

"చాచా... అది... చూసుకోలేదు..." అని నసిగాను. భూమి చీలితే బాగుండనిపించింది.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "కన్నం కొట్టించడం ఓనరు బాధ్యత. ఒప్పుకున్నా. అందులో ఓనరు ఇచ్చిన తలపాగా కుక్కితే, బేటా, చట్టం ఏమంటుంది?"

మెకానిక్ గోడవైపు తిరిగిపోయాడు. మా ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుంది. చాచా అయితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ లేచి, ఆ దుమ్ము గుడ్డనే నా తలకు బిగించి చుట్టాడు. "ఇది ఇక్కడుంటే ఆ కన్నం తెరిచి ఉంటుంది. మీరిద్దరూ క్షేమంగా ఉంటారు" అన్నాడు. తిట్టినా బాగుండేది, ఆ మాటకి నిజంగా ఏడుపొచ్చింది.

ఇల్లు మారే మాట మళ్లీ రాలేదు. కానీ ఫ్యాక్టరీలో అందర్నీ "హెల్మెట్ ఏదీ?" అని నిలదీసే నన్ను, ఇప్పుడు మా ఆవిడ స్టవ్ వెలిగించే ముందు రోజూ అడుగుతోంది: "ఏవండీ, తలపాగా ఏదీ?"