పాలు పొంగిన పొయ్యి

అప్పలసూరికి గర్వకారణాలు రెండు. కాలేజీ వెనక వీధిలోని తన మెస్సులో భోంచేసిన కుర్రాళ్లలో ఒకడు తాసిల్దారయ్యాడు, అది మొదటిది. తండ్రి పోయిన నాటినుంచీ తనూ తమ్ముడు కూర్మయ్యా ఒకే పొయ్యి మీద వండినది తింటున్నారు, అది రెండోది. మొదటి సంగతి మెస్సుకొచ్చినవాళ్లకి చెప్పేవాడు. రెండోది రానివాళ్లకి కూడా వాళ్ల ఇంటికెళ్లి మరీ చెప్పేవాడు.

విజయనగరంలో ఆ వీధికి ఆ కాస్త సందడి వచ్చింది కాలేజీ పుణ్యమే. ఇళ్లు మాత్రం కాలేజీ కంటే ముందు పుట్టినవి, ముందే పోవడానికి సిద్ధంగా ఉన్నవీను. అప్పలసూరి ఇంట్లో వాసాలకి చెదపట్టింది. వానొస్తే కుర్రాళ్లు విస్తళ్లు పట్టుకుని చోటు మారుతూ తినేవారు. ఎక్కడ కారదో అప్పలసూరి భార్య దేముడమ్మకి బాగా తెలుసు. అక్కడ పప్పుగిన్నె పెట్టేది, కారేచోట మొగుణ్ణి కూచోబెట్టేది. ఆ ఇల్లు తీసేసి డాబా కట్టించాలన్నది పెళ్లైన నాటినుంచీ అప్పలసూరి కోరిక.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఆ కోరికకి రెక్కలొచ్చాయి. యూనివర్సిటీలో పరిశోధన చేసి వచ్చిన నారాయణమూర్తి అనే లెక్చరరు ‘కళాశాలా పరిసర గృహ పునరుద్ధరణ సంఘం’ అని ఒకటి పెట్టించాడు. ఆ పేరు పలకబోయి వీధిలో సగంమంది ఆయాసపడ్డారు. వీధిలో మురుగు ఎటు పారుతుందో ఆయనకి తెలియదు గానీ, పరాయి దేశాల్లో ఎటు పారుతుందో కంఠతా వచ్చు. ఒకనాడు మెస్సు అరుగెక్కి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఉపన్యాసమిచ్చాడు. ఈ కొంపలన్నీ తీసేసి వరసగా డాబాలు కడతారట. ప్రతి డాబాకీ ముందు ఒక గది, విద్యార్థులకి అద్దెకిచ్చుకోవడానికట.

“ఎవులెవులికి ఇస్తారు బాబూ?” అని అడిగాడు అప్పలసూరి.

“కుటుంబానికి ఒకటి.”

“కుటుంబం అంటే ఏటి బాబూ?”

ఆయన పరిశోధనలో ఈ ప్రశ్న తగిలినట్టు లేదు. లోపల మండుతున్న మెస్సు పొయ్యికేసి చూసి, “ఒక పొయ్యి ఉంటే ఒక కుటుంబం” అని తేల్చాడు.

ఆ సాయంత్రమే అప్పలసూరి తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు. కూర్మయ్య కాలేజీలో గంట కొట్టే బంట్రోతు. అన్నమాటకి ఎదురు చెప్పి ఎరగడు.

“ఒరే కూర్మయ్యా, ఒక పొయ్యికి ఒక డాబా అంతన్నారు. రెండుంటే రెండిస్తారు గదేటి. పెరట్లో తడిక కట్టి నువ్వో పొయ్యి ఎయ్యి. ఆళ్లొచ్చి సూసుకుని ఎల్లిపోయాక తీసీసుకుందాం.”

“ఏరు పడ్డామని నలుగురూ అనుకోరేటన్నా?”

“ఉత్తుత్తిదేరా!”

ఇంతవరకూ చేసింది ఎవరైనా చేసే దగా. ఆ తరవాత చేసిన పొరపాటు మాత్రం మనవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఉత్తుత్తిదైనా పొయ్యి పొయ్యే గదా, ముహూర్తం లేకుండా ముట్టిస్తే ఇంటికి అరిష్టం అన్నాడు అప్పలసూరి. పంతులుగారొచ్చి మంచి ఘడియ చూశారు. ఆడపిల్ల వేరు కాపురం పెడుతూంటే పుట్టింటివారు ఊరుకుంటే బాగుండదు గనక, భావనపాడు పక్క సముద్రపొడ్డు పల్లెనుంచి కూర్మయ్య మావగారు కొత్త కుండలూ బియ్యమూ ఎండునెత్తళ్ల చేపల బుట్టా రైల్లో తెచ్చి, స్టేషను నుంచి బండిమీద దింపాడు. కూర్మయ్య భార్య మరిడమ్మ కొత్తచీర కట్టుకుని పాలు పొంగించింది. అవి తూర్పువైపుకే పొంగాయి. అబద్ధాన్ని ఇంత శాస్త్రోక్తంగా ఆడినవాడు జిల్లాలో మరొకడుండడు.

“పాలు పొంగించీసినాక ఇంక ఉత్తుత్తిదేటయ్యా? నువ్వు నాటకమాడతన్నావని అగ్గికి తెలుస్తాదా?” అంది దేముడమ్మ.

“నీకేటి తెలుసే, ఊరుకో!” అన్నాడు అప్పలసూరి.

సంఘంవారు వచ్చారు, తడికకి అటొక పొయ్యీ ఇటొక పొయ్యీ చూశారు, తలలూపి వెళ్లారు. మళ్లీ వస్తారేమోనని పొయ్యి అలాగే ఉంచారు. మళ్లీ రాలేదు. ఈలోగా మరిడమ్మకి ఒక సంగతి బోధపడింది. ఇన్నేళ్లూ రుబ్బింది తను, తోమింది తను. కూరలో ఉప్పు వేసే చెయ్యి మాత్రం తోటికోడలిది. మెస్సు కుర్రాళ్లు ముక్కు మూసుకుంటారని ఆ ఇంట్లో ఎండుచేప పొయ్యెక్కేది కాదు. ఇప్పుడు తడికకి అవతల నెత్తళ్లు, వంకాయ దివ్యంగా ఉడుకుతున్నాయి. కుర్రాళ్లందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినే కూర్మయ్య ఇప్పుడు వేడివేడిగా మొదటి ముద్ద తింటున్నాడు. మనిషి ఒళ్లు కూడా చేశాడు.

పునరుద్ధరణ అన్నది నలుగురి కంటా పడేచోటే మొదలవ్వాలని సంఘంలో పెద్దలు తీర్మానించారు. అంచేత ముందు వీధి మొగలో ఆర్చీ లేపారు. దానిమీద రెండు హంసలు పెట్టారు. హంసల మెడలు తిరిగేసరికి ఇటుకలూ సున్నమూ సంఘంవారి ఉత్సాహమూ ఒక్కసారే అయిపోయాయి. నారాయణమూర్తి ఈ వీధిమీద రాసిన వ్యాసానికి మెచ్చి ఢిల్లీలో ఆయనకి పెద్ద ఉద్యోగమిచ్చారు. పట్టణాల్లో ఉమ్మడి కుటుంబాలు చీలిపోతున్నాయని అందులో ఎంతో బాధపడ్డాడట. ఉదాహరణకి చూపించింది అప్పలసూరి ఇల్లే.

ఆ కబురు విన్ననాడు అప్పలసూరి పెరట్లోకి వెళ్లాడు.

“ఒరే కూర్మయ్యా, డాబా నేదు, గీబా నేదు. ఇంక ఆ పొయ్యి తీసీరా.”

తడిక చాటునుంచి మరిడమ్మ గొంతు వినిపించింది. “పాలు పొంగిన పొయ్యి పీకితే అరిష్టం కాదేటి? ముహూర్తం ఎట్టించినది బావగారే గదా.”

అప్పలసూరి తమ్ముడి మొహం చూశాడు. అన్నమాటకి ఎదురు చెప్పి ఎరగని తమ్ముడు ఇప్పుడూ ఎదురు చెప్పలేదు. పొయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. అప్పలసూరి మామూలుగా కారేచోటే కూచుని పప్పన్నం కలుపుతూంటే, మరిడమ్మ ఒక గిన్నెతో నెత్తళ్ల కూర తెచ్చి తోటికోడలికిచ్చి వెళ్లింది. కూర అమృతంలా ఉంది. అప్పలసూరి గిన్నె పక్కకి నెట్టి మళ్లీ పప్పన్నమే కలుపుకున్నాడు.

మర్నాడు దేముడమ్మ గిన్నె తోమి ఇచ్చి రావడానికి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, గిన్నెలో ఇంత బెల్లంముక్క వేసింది.

“అదేటే?” అన్నాడు అప్పలసూరి.

“పొరుగోళ్ల గిన్నె ఒట్టిది పంపకూడదు గదా.”

ఆ ఇంట్లో అన్నేళ్లలో ఎవరి గిన్నె ఎవరిదని అడిగినవాళ్లు లేరు. అప్పలసూరికి ఏడుపొచ్చింది. “ఇలాగియ్యి, నేనిస్తాను” అని గిన్నె అందుకుని పెరట్లోకి వెళ్లాడు. తండ్రి కట్టిన ఇంట్లో, తను తిరిగిన పెరట్లో, తడిక తోసుకుని వెళ్లడానికి చెయ్యి రాలేదు. ఆగి, వేళ్లతో మెల్లిగా తడిక తట్టాడు.

“ఎవులూ?” అని లోపల్నించి అడిగాడు కూర్మయ్య.