తుప్పు పట్టించిన తుపాకీ

ఆ తుపాకీ పేలదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే అది పేలిందని, ఇద్దరిని చంపిందని, కాదు నలుగురినని చెప్పేవాళ్ళు మా కడప జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ దాన్ని చూడలేదు. నేను చూశాను. దాని తుప్పు వదిలించిన చేతుల్లో రెండు నావి. మళ్ళీ దానికి తుప్పు పట్టించిన చేతుల్లోనూ రెండు నావే.

కువైట్‌లో, సల్వాలో, ఒక ఇంటికి నేను డ్రైవర్ని. డిగ్రీ చదివి, హేతువాద సభల్లో జాతకాల మీదా దేవుళ్ళ మీదా గొంతు పోయేదాకా వాదించి, గెలిచి, ఆ గెలుపు కూడు పెట్టదని తెలిశాక వీసా తెచ్చుకున్నవాణ్ణి. ఇంటి యజమాని పడుచుతనంలో రేవులో కాపలా సిపాయిగా చేరి, చివరికి అక్కడే గుమాస్తాగా రిటైరైన ముసలాయన. ఆయన్ని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. మేమంటే నేనూ, వంట చేసే రాయచోటి ముస్లిం ఆవిడా. ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అనేవాణ్ణి.

బాబాకు పాత ఇనుమంటే పిచ్చి. కారు షెడ్డు పక్కన రేకుల గదిలో తాళాలు, ఓడ దీపాలు, తూకం రాళ్ళు వరసగా పేర్చుకునేవాడు. 1990లో చలి తగ్గాక, తాతల నాటి మట్టి ఇల్లు కూలగొడుతుంటే గోడలోంచి ఈతచాపలో చుట్టిన రైఫిల్ ఒకటి బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు సిపాయిలది. బోల్టు కదలదు. గొట్టం తుప్పుతో పూడిపోయింది. తూటాను కొట్టే పిన్ను లేనే లేదు. గోడలో పెట్టినవాడే దాన్ని తీసేసి ఉంటాడు.

"పేల్చడానికి కాదు," అన్నాడు బాబా. "దీని మీద ఏం చెక్కారో చదవాలి."

మామాను జమియా అంగడికి తీసుకెళ్ళి తెచ్చాక నాకు పని ఉండేది కాదు. ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ముందు కిరసనాయిల్లో నానబెట్టాం. ఎర్ర తుప్పును గీకితే దాంతోపాటు మంచి ఇనుమూ పోతుందని, మరిగే నీళ్ళు తగిలితే ఆ ఎరుపు నల్లబడుతుందని, అప్పుడు మెత్తని బ్రష్షుతో రాలగొట్టాలని ఆయన చెప్పాడు. చిన్న భాగాలను అక్క దేక్సాలోనే ఉడికించాం.

"నా దేక్సాలో ఇనుము ఉడకబెడతాండారే," అంది అక్క. "రేపు పలావులో తూటాలొస్తే నన్ను అడగొద్దండి."

నేను అనువదిస్తే బాబా నవ్వాడు. "తూటాలొస్తే మేలు. ఈమె మాంసం కంటే మెత్తగా ఉంటాయి."

మంత్రం లేదు, ముహూర్తం లేదు. నీళ్ళు మరిగితే ఎరుపు నల్లబడింది. నేను పుట్టి పెరిగిన చోట ఇంత శుభ్రమైన కార్యకారణ సంబంధం చూడాలంటే ఎంతమంది స్వాములతో తగవు పడాలో నాకు తెలుసు. ఒకరోజు నువ్వు నమాజు చేయవు సరే, పూజైనా చేస్తావా అని బాబా అడిగాడు. ఏదీ చేయను, దేవుడే లేడన్నాను. చాలాసేపు బ్రష్షు ఆడించి, "బయట అనకు," అన్నాడు. "నాతో అన్నావు, ఖలాస్."

చివర నూనెగుడ్డతో తుడవడం మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు. గొట్టాన్ని ముంజేతి మీద పడుకోబెట్టి, వెనక నుంచి ముందుకు, ఒకే వరుసలో, మధ్యలో ఆపకుండా లాగేవాడు. కాపలా రోజుల్లో నేర్చిన తుడుపు అది. జూలై చివరికి గొట్టం మీద అక్షరాలు తేలాయి. తయారైన ఏడాదినీ, నంబరునూ ఆయన భూతద్దం పెట్టుకుని నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. పెద్దరోడ్డు మీద ట్యాంకులు పోతుంటే ఇంటి అద్దాలు గలగలలాడాయి. బాబా కొడుకులిద్దరూ ఎండలు తప్పించుకోవడానికి కుటుంబాలతో విదేశాలకు వెళ్ళి ఉన్నారు. ఇంట్లో మేం నలుగురమే మిగిలాం. కొద్ది రోజులకే ఉత్తర్వు వచ్చింది. ఆయుధాలన్నీ అప్పగించాలి, ఇంట్లో దొరికితే కాల్చేస్తారు.

అప్పగిస్తే పోయేది కదా అని మీరనవచ్చు. మేమూ అనుకున్నాం. పక్కవీధి ఆయన తన వేటతుపాకీ పట్టుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్ళాడు. తుపాకీతో పాటు ఆయన్నీ అక్కడే ఉంచుకున్నారు. సముద్రంలో పారేద్దామంటే దారిలో తనిఖీలు. పెరట్లో పాతిపెడదామంటే, వాళ్ళు ముందు పొడిచి చూసేది కొత్తగా తవ్విన మట్టినే. మా కష్టం ఏమిటంటే, అది ఇప్పుడు నిగనిగలాడుతోంది. చూసినవాడెవడైనా తుపాకీ అంటాడు.

"బాబా, మళ్ళీ తుప్పు పట్టిద్దాం," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. దాన్ని చూశాడు. మామా లోపలి నుంచి, "నీకు ఇనుము కావాలా, నేను కావాలా?" అంది. ఆయన లేచి తనే మరలు విప్పాడు.

చిన్న భాగాలను వీధుల్లో పేరుకుపోయిన చెత్తకుప్పల్లో ఒక్కోచోట ఒక్కోటి పడేసి వచ్చాను. వెనక చెక్క అక్క పొయ్యిలోకి పోయింది. అప్పటికే గ్యాస్ దొరకడం లేదు. ఆ పూట అన్నం బాబా ముట్టలేదు. గొట్టం మాత్రం బట్టల్లో దాచి వీధి దాటించలేనంత పొడుగు. దాన్ని సబ్బుపొడితో కడిగి నూనె వదిలించి, ఉప్పూ, మామా ముల్లంగి ఊరవేసిన వెనిగరూ కలిపి పోసి, తడి గోనె చుట్టి మిద్దెమీద ఎండలో పెట్టాను.

అక్క ఒక తాయెత్తు తెచ్చింది. "ఇది గూడా కట్టు తమ్ముడూ."

"తాయెత్తు ఇనుమును దాచదక్కా."

"నీ ఉప్పునీళ్ళు దాస్తాయా?"

"దాస్తాయి. చూస్తాండు."

దాచాయి. సముద్రపు ఉక్కపోత కూడా తోడైంది. అన్ని నెలలు రాలగొట్టిన ఎరుపు వారం తిరక్కుండా వచ్చి కూర్చుంది. అక్షరాలు మాసిపోయాయి. మిద్దెమీద పావురాల గూటి తలుపుకు ఒక పాత పైపు అడ్డగడియగా ఉండేది. దాన్ని తీసి ఈ గొట్టం పెట్టాం. ఎవరు చూసినా పైపే అనుకోవాలి. బాబా రోజూ పావురాలకు గింజలు వేయడానికి పైకి వచ్చి గడియ తీసేవాడు, పెట్టేవాడు. చేతికంటిన ఎర్రపొడిని చూసుకునేవాడు.

సోదా మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఒక ఆఫీసరు, కొందరు సిపాయిలు. నన్నూ అక్కనూ చూసి, "హిందీ?" అని అడిగి పక్కకు నెట్టారు. భారతీయులతో వాళ్ళకు పేచీ లేదు. అల్మారాలు, పరుపులు, రేకుల గది అన్నీ తిరగేశారు. ఓడ దీపం ఒకటి ఆఫీసరుకు నచ్చింది, తీసుకున్నాడు. తర్వాత మిద్దె ఎక్కారు. నన్నూ బాబానూ ముందు నడిపించారు.

పైన చూడడానికి నీళ్ళ ట్యాంకూ పావురాల గూడూ తప్ప ఏమీ లేదు. ఆఫీసరు దిగబోతున్నాడు. పెద్ద మీసాల సిపాయి ఒకడికి పావురాలు కనబడ్డాయి. వాళ్ళకు సరిగా తిండి లేదు, ముఖాలు చూస్తేనే తెలుస్తుంది. గడియ లాగి పక్కకు విసిరేసి, గూట్లో చెయ్యి పెట్టాడు. గొట్టం సిమెంటు మీద పడి దొర్లింది. ఎర్రపొడి లేచింది.

బాబా వంగి దాన్ని తీశాడు. ముంజేతి మీద పడుకోబెట్టాడు. తలగుడ్డ కొంగు తీసుకుని, వెనక నుంచి ముందుకు, ఒకే వరుసలో, తుడిచాడు.

ఆలోచించి చేసిన పని కాదది. పడిపోయిన పిల్లవాడి మోకాలు దులిపే తల్లి ఏం ఆలోచిస్తుంది? కానీ ఆ సిపాయి చూశాడు. చేతిలో పావురం రెక్కలు కొట్టుకుంటుంటే అలాగే నిలబడి చూశాడు. పైపును ఎవరూ అలా తుడవరు. రోజూ పొద్దున్నే తన తుపాకీని అతను తుడిచే పద్ధతీ అదే.

ఆఫీసర్ని వెనక్కి పిలిచాడు. ఆఫీసరు గొట్టం తీసుకుని ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. "తక్కినవి ఎక్కడ?" అన్నాడు.

"ఇనుము," అన్నాడు బాబా. "ఒట్టి ఇనుము."

నేను ముందుకొచ్చాను. నాకు వచ్చిన అరబ్బీ అంతా కూడగట్టి చెప్పాను. ఇది పేలదు. పిన్ను లేదు. గొట్టం పూడిపోయింది, మీరే చూశారు. దీనికి సరిపడే తూటా ఈ ఊళ్ళోనే దొరకదు. ఒక్కొక్క రుజువూ వరసగా పెట్టాను. సభల్లో ఎన్నడూ అంత బాగా వాదించలేదు. ఆఫీసరు చివరిదాకా విన్నాడు. తల కూడా ఊపాడు.

"పేలుతుందా అని నేను అడిగానా?" అన్నాడు. "తక్కినవి ఎక్కడని అడిగాను."

బాబాను ఇంటి చెప్పులతోనే తీసుకుపోయారు. మామా వాకిట్లోకి వచ్చి ఆయన షుగర్ మాత్రలు అందించింది. సిపాయి వాటిని తన జేబులో వేసుకున్నాడు. ఆయన చేతికి చేరాయో లేదో తెలియదు. ఆయన మళ్ళీ రాలేదు. యుద్ధం ముగిశాకా రాలేదు. ఎముకలూ రాలేదు.

ఆ సాయంత్రం అక్క పొయ్యి ముందు కూలబడి, "తలరాత తమ్ముడూ, అంతే," అంది. ఆవిడ మీద నేను ఎన్నడూ గొంతెత్తలేదు. ఆ రోజు ఎత్తాను. రాత అంటే రాసిన చెయ్యి ఉండాలక్కా, ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన చెయ్యి ఒకటుంది, దాన్ని వదిలేసి ఆయన నుదురు చూస్తావేం అన్నాను. విధి అన్న మాటంత చవకైన న్యాయవాది లోకంలో లేడు. అడగకుండానే ప్రతి హంతకుడి తరఫునా వచ్చి నిలబడతాడు. అక్క లేచింది. మామాకు టీ తీసుకుని వెళ్ళింది.

కొన్నాళ్ళకు భారతీయులను బస్సుల్లో పంపేస్తుంటే నేను బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో వచ్చేశాను. అక్క రాలేదు. మామా ఒంటరిదైపోతుందని ఆగిపోయింది.

ఏళ్ళు గడిచాక, రాయచోటి బస్టాండు ఎదుట టీ అంగట్లో ఒకాయన కువైట్ కబుర్లు చెబుతున్నాడు. ఆ రోజుల్లో అబ్బాసియాలో టైలరు పని చేసేవాడట.

"సల్వాలో ఒక ముసలాయన ఉన్న్యాడు. తాతల నాటి తుపాకీ ఎత్తుకోని మిద్దెమీద నుంచి నలుగుర్ని కొట్టినాడు. మగోడంటే ఆయప్ప."

"కొట్టలేదు," అన్నాను. "ఆ తుపాకీకి పిన్నే లేదు."

"నువ్వు చూసినావా?"

"చూసినా. ఆ ఇంటి డ్రైవర్ని నేనే."

"మరి ఆయన్ను ఎందుకు పట్టుకపోయినారు?"

"తుడిచినాడని."

అంగట్లో అందరూ నవ్వారు. "తుడిస్తే పట్టుకపోతారా యాడన్నా? ఏం కతలు చెప్తాండావు సామీ."

నేను లేచాను. బెంచీ మీద ఉన్న గొడుగు తీసి ముంజేతి మీద పడుకోబెట్టాను. భుజం మీది తువ్వాలుతో, వెనక నుంచి ముందుకు, ఒకే వరుసలో, ఆయన ఎట్లా తుడిచాడో అట్లా తుడిచి చూపించాను. ఇంతే, ఇంతకు మించి ఆయన చేసింది లేదన్నాను. అందరూ గ్లాసులు పట్టుకుని శ్రద్ధగా చూశారు. టైలరు కూడా చూశాడు. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగాడు.

"అదేబ్బా నేను చెప్పేది. గురి పెట్టేముందు శుభ్రంగా తుడుచుకున్న్యాడు."