ఎవరినీ అడగని బావి

ఈ వానాకాలం నుంచి మా పడకగది తలుపు నేలకు రాసుకుంటోంది. ఆ గీరుడు చప్పుడుకు పాప ఉలిక్కిపడుతుంది. నాకు విఠల్ సార్ గుర్తొస్తారు. వానకు చెక్క ఉబ్బిందంటాడు మా ఆయన. నేను అవునంటాను.

సార్ సంగారెడ్డిలో రెండు గదుల ఆఫీసు నడిపేవారు. లేఅవుట్లలో ఇళ్లు కట్టేముందు నేలను పరీక్షించి రిపోర్టు ఇవ్వడం మా పని. కాలేజీ నుంచి నేను నేరుగా అక్కడికే వెళ్లాను. కంప్యూటర్లో మట్టిని వేల గుండ్రటి గింజలుగా పేర్చి, కింద ఒక ఖాళీ పెట్టి, నీళ్లు వదిలేవాళ్లం. గింజలు ఒక్కొక్కటే లోపలికి జారేవి. ఖాళీ మెల్లగా పైకి పాకేది. పైన రోడ్డు మాత్రం గీత గీసినట్టు ఉండి, చివర్లో ఒక్కసారిగా కూలేది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. సార్ నవ్వలేదు. "పైన ఏం తెలువదమ్మా. పడే దినం దాంక గట్లనే ఉంటది" అన్నారు.

ఆ ఖాళీ ఎక్కడ పెట్టాలో కంప్యూటరుకు తెలియదు. ఇక్కడ పొలాలు ప్లాట్లయినప్పుడు వ్యవసాయ బావులను రాళ్లూ పెంకులతో పూడ్చి, పైన మొరం మట్టి పరిచేశారు. డ్రైనేజీ పైపు కారిందంటే మట్టి ఆ సందుల్లోకి దిగిపోతుంది. అందుకే సార్ ముందు ఊళ్లోకి వెళ్లి, ఆ భూమిలో పనిచేసిన ముసలివాళ్లను వెతికేవారు. నోటితో చెబితే చాలదు, వచ్చి ఆ చోట నిలబడాలి. కర్దనూర్‌లో, ఇప్పుడు ఫ్యాక్టరీలో ఊడ్చే పోశమ్మ బావి ఇక్కడేనని సిమెంటు రోడ్డు మధ్యలో నిలబడితే, సార్ వంగి ఆమె చుట్టూ సున్నం చల్లారు. "గిదేంది సారూ, నేనేమన్న కబడ్డీ ఆడాల్నా?" అందామె.

వెలిమెల దగ్గరి లేఅవుట్ పని నాకొక్కదానికే అప్పగించేనాటికి పాప కడుపులో ఉంది, నాకు ఏడో నెల. ఎండ మండుతోంది. ఓనరు మనిషి నక్షా చేతిలో పెట్టాడు. అందులో బావి ప్లాట్లకు దూరంగా, పార్కులో ఉంది. ఊళ్లోకి వెళ్లకుండా దాన్నే కంప్యూటర్లోకి ఎక్కించాను. ఏదీ కూలలేదు. "ఎవర్నడిగినవమ్మా?" అన్నారు సార్. ఒక తాతను అడిగానన్నాను. ఆయన రిపోర్టు మీద సంతకం పెట్టారు.

తర్వాత మేం ఇల్లు కొన్నది ఆ లేఅవుట్లోనే. రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. తెర మీద కూలని నేలను చూసీ చూసీ, అక్కడ అడగలేదన్న సంగతే మరిచిపోయాను.

తలుపు రాసుకోవడం మొదలయ్యాక, కింద నేల కుంగుతోందేమోనని అనుమానమొచ్చి, వెళ్లి సార్‌కు నిజం చెప్పాను. అప్పటికే మంచం పట్టారు. మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "సంతకం నాది బిడ్డా. నువ్వు పొయ్యి అడుగు. ఇప్పుడన్న అడుగు." తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు రోజులకు పోయారు.

అడిగాను. ఆ పొలం ఒకప్పుడు దున్నిన ఎల్లయ్య తాత కర్ర పట్టుకుని వచ్చాడు. మా ఇల్లు దాటి, ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, మా పడకగది గోడకూ పక్కింటి స్వప్న వాకిలికీ మధ్య నిలబడ్డాడు. "ఈడ" అన్నాడు.

మా ఆయనకు చెబితే, "మంచిగున్నదని రాసింది నువ్వే గదా" అని ఊరుకున్నాడు. పాపను ముందుగదిలో పడుకోబెడుతున్నాను. కావాలంటే అమ్మవాళ్లింటికి తీసుకెళ్లగలను. స్వప్నవాళ్లు ఎక్కడికి పోతారు? "మీకు నేల సంగతి తెలుసు, మీరు కొన్నరనే మేం కొన్నం అక్కా" అని ఇంట్లో చేరిన రోజే చెప్పింది.

అడగడమెలాగో సార్ నేర్పారు. తెలిసినదాన్ని ఇంకొకరి ముఖం చూసి ఎలా చెప్పాలో నేను నేర్చుకోలేదు. తాత ఇంకా అక్కడే ఉండగా స్వప్న పిల్లలిద్దరితో బయటికొచ్చి, ఎవరక్కా అని అడిగింది. మా ఇల్లు చూడ్డానికొచ్చాడన్నాను. చాయ్ తాగి పొమ్మని ఆమె తాతను లోపలికి పిలిచింది.

మూడు రోజులైంది. ఇంకా చెప్పలేదు.