నొప్పి ఆయ్, మర్యాద ఆయ్

ఆ రోజుల్లో కోనసీమ మొత్తం మీద సూది పట్టుకోవడం వచ్చిన నర్సమ్మలందరూ నా మీదే చెయ్యి తిప్పుకున్నారంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ ఆసుపత్రి మెట్లెక్కినా, తెల్ల చీరలో ఎదురొచ్చిన మనిషి ఆగి మరీ నన్ను పలకరించేదనీ, ఆ పలకరింపులో గురువు పట్ల ఉండే వినయం కనిపించేదనీ మా మనవలకి చాలాసార్లు చెప్పేను. (మనవలకి చెప్పేటప్పుడు కొలతలు కాస్త వదులుగా ఉంటాయి. మీరు పెద్దవాళ్ళు కాబట్టి బిగించి చెప్తాను. నర్సమ్మలందరూ కాదు, ఒక్క బ్యాచి. బ్యాచి అంతా కూడా కాదు, అందులో ఒక్క అమ్మాయి. మిగతావాళ్ళు అరటిబోదె మీద నేర్చుకున్నారు. బోదె తరవాత ఆ అమ్మాయికి నేను దొరికేను.)

డెబ్బైల చివర్లో మాట. రాజోలులో ఒక కొబ్బరికాయల కొట్లో గుమాస్తాగా కొత్తగా చేరేను. గోదావరి దాటించే పంటు ఒడ్డుకి ఆనకముందే అందరికంటే ముందు దూకెయ్యడం మగతనం అనుకునే వయసు. దూకేను. ఒడ్డున ఇనప గొలుసుంది. మడమ చీరుకుపోయి, చీము పట్టి, కాలు గుమ్మడికాయలా తయారయ్యేక మా నాన్నగారు నన్ను రిక్షాలో పడేసి అమలాపురం అవతల ఒక మిషనాసుపత్రిలో చేర్పించేరు. (పేరెందుకులెండి, అందులో పుట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు.) పొద్దునా సాయంత్రం పెన్సిలిన్ సూది. ఇప్పటిలా ఒకసారి వాడి పారేసే సూదులు కావవి. గాజు సిరంజి, ఉక్కు సూది, నీళ్ళలో మరిగించడం, మళ్ళీ పొడవడం. నా వంతుకొచ్చిన సూది సర్వీసులో డాక్టరు గారికంటే సీనియరు.

ఆసుపత్రికి ఆనుకుని నర్సుల బడి ఉండేది. పాఠం చెప్పే పెద్ద సిస్టరు గారిది మలయాళ దేశం. మా తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు కాబట్టి మాకంటే శుద్ధంగా మాట్లాడేవారు. వార్డులో ఆవిడకి ధర్మామీటరమ్మ అని పేరు, ఎందుకంటే ఎవరైనా ఏదైనా చెప్పుకుందామని నోరు తెరిస్తే చాలు, అందులో ధర్మామీటరు పెట్టేసేవారు. ఆవిడ పిల్లలకి రోజూ చెప్పే పాఠం ఒకటే: "రోగి యొక్క బాధను నీ బాధగా తలచవలెను. చేయబోవు పనిని ముందుగా అతనికి తెలుపవలెను." పాపం గొప్ప మాటే. పిల్లలు మాత్రం దాన్ని పరీక్షకి పనికొచ్చేలా నాలుగు ముక్కలు చేసుకున్నారు: నమస్కారమండి, ఇప్పుడు మీకు ఫలానాది చేస్తానండి, భయపడకండి, చీమ కుట్టినట్టుంటదండి. ఈ నాలుగూ అప్పజెబితే కరుణ పూర్తయినట్టు. దుప్పటి మార్చడానికొచ్చినా ఇదే, నాడి చూడడానికొచ్చినా ఇదే. గంజి తాగించడానికొచ్చిన పిల్ల కూడా చీమ కుట్టినట్టుంటదని ధైర్యం చెప్పి మరీ తాగించేది.

నాకు రాసిపెట్టిన అమ్మాయి పేరు వార్డులో గుండుసూది. సన్నగా, పొట్టిగా, తలకొప్పు ఒక్కటే పెద్దదిగా ఉండేది. మా రాజోలు దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికెళ్ళేవారు. చర్చి పెద్దలు మాట సాయం చేస్తే బళ్ళో చేరింది. ఆ వీధిలో నర్సు చదువుకొచ్చిన మొదటి ఆడపిల్ల.

ఇక మా ఆయ్ సంగతి మీకు తెలియంది కాదు. గోదావరి మనిషి పెద్దవాళ్ళెవరు ఏమన్నా ఆయ్ అంటాడు. దానికి అర్థం అవునని కాదు, కాదని కాదు, మీరు మాట్లాడుతున్నారు, నేను వింటున్నాను, అంతే. సిస్టరు గారి పుస్తకాల్లో ఈ మాట లేదు. ఆవిడ చెవికి అది బాధతో పెట్టిన కేక.

ఒక ఉదయం ఆవిడ వెనకాల నించుని చూస్తుండగా గుండుసూది నాలుగు ముక్కలూ అప్పజెప్పి సూది గుచ్చింది. "అయిపోయిందండి" అంది. "ఆయ్" అన్నాను. సిస్టరు గారు ముందుకొచ్చేరు.

"మిక్కిలి నొప్పియా?"

"ఆయ్."

"ఈ అమ్మాయి మీకు ముందుగా తెలిపినదా?"

"ఆయ్."

"తెలుపలేదా?"

"ఆయ్."

ఆవిడ మొహం ఎర్రబడింది. నా భుజం తట్టి, ఆ అమ్మాయి వైపు తిరిగి, "ప్రశ్న అడిగినను కేక వేయుచున్నాడు. నీ చేయి అంత కఠినముగా ఉన్నది. పరీక్షలో మరల రోగి కేక వేసిన, నీవు ఇంటికి పోవలెను" అనేసి వెళ్ళిపోయేరు.

మధ్యాహ్నం గుండుసూది నా మంచం దగ్గరికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేను మీకేం ద్రోహం చేసేనండి?"

"మీరేం చేసేరండి, నేనేం చేసేనండి?"

"ఆయ్ అన్నారు కదండి."

"మర్యాదకండి."

"ఆ మర్యాద తీసుకెళ్ళి మీ కొబ్బరికాయల కొట్లో పెట్టుకోండి. నన్ను ఇంటికి పంపేస్తే రేపు మా అమ్మ పక్కన ఊడ్పుల్లో వంగోవాలండి నేను. పరీక్షకి మీ మంచమే ఇచ్చేరు."

ఆ సాయంత్రం నుంచి చదువు తలకిందులైంది. ఆ అమ్మాయి టీచరు, నేను విద్యార్థి. ఆవిడ ఏదో అడగడం, నేను ఆయ్ అనకుండా "అవునండి" అనో "లేదండి" అనో చెప్పడం. మాట నాలిక మీదికొచ్చేసేది, మింగేవాణ్ణి. పక్క మంచం మీద కె.గంగవరం తాతగారొకాయన దగ్గుతో ఉండేవారు. ఆయన మధ్యలో అందుకుని పాడు చేస్తున్నారని ఆ అమ్మాయి వెళ్ళి, "తాతగారూ, పరీక్ష రోజు మీరు కూడా ఆయ్ అనకూడదండి" అని బతిమాలింది. ఆయన ఎంతో బాధ్యతగా లేచి కూర్చుని, "ఆయ్, అననమ్మా" అన్నారు.

పరీక్ష రోజు వచ్చింది. కాకినాడ నుంచి ఒక పెద్ద మేడమ్ గారు పరీక్ష చెయ్యడానికి దిగేరు. ధర్మామీటరమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నారు. గుండుసూది చేతులు కడుక్కుని, ట్రే పట్టుకుని వచ్చింది. ట్రేలో గాజు సిరంజి గలగలమంటోంది. నాలుగు ముక్కలూ మొదలెట్టి రెండోదాని దగ్గరే మర్చిపోయింది. నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి, మంచం కడ్డీ పట్టుకున్నాను. సూది దిగింది. చీమ కాదండి అది. ఆ చీమని పుట్టించిన మనిషి కనిపిస్తే చెప్పేవాణ్ణి. అయినా నోరు విప్పలేదు. చెవుల్లో హోరు, కళ్ళ ముందు నల్ల చుక్కలు, ఒళ్ళంతా చెమట. పంటి కింద తువ్వాలు, దాని వెనకాల ఆయ్.

అప్పుడు గుండుసూది సూది తీసేసి, ట్రే పక్కన పడేసి, తువ్వాలు నా నోట్లోంచి లాగేసింది. పాఠంలో లేని మాటలు అప్పుడు మాట్లాడింది.

"ఊపిరి వదలండి. ఇటు చూడండి, నా వైపు చూడండి. నొప్పెడితే అరవండి. ఆయ్ అంటారో ఇంకేమంటారో అనెయ్యండి. నేను ఇంటికి పోతే పోయేను."

అంతట నేను మంచం మీద లేచి కూర్చుని, కాకినాడ మేడమ్ గారికి చేతులు జోడించి, మా కోనసీమలో ఆయ్ అన్న మాటకున్న అర్థాలు ఒకటొకటిగా వివరించి, నొప్పి ఆయ్ వేరు, మర్యాద ఆయ్ వేరు, ఈ అమ్మాయి చెయ్యి వెన్నలాంటిది అని వాదించేను. మేడమ్ గారు గోదావరి మనిషే కాబట్టి పగలబడి నవ్వేరు. ధర్మామీటరమ్మ గారికి విషయం అర్థమై సిగ్గుపడ్డారు. గుండుసూది పాసైంది. ఇదీ నేను ఇన్నేళ్ళుగా చెబుతున్న కథ, ఇలాగే అచ్చుకిద్దామని శుభ్రంగా రాసుకున్నాను. రాస్తుంటే ఆ మంచం మీద కుర్రాడు నాకు కనిపించేడు. ఒక ఆడపిల్ల బతుకు తన నాలిక చివర ఉందని తెలిసి, జన్మలో మొదటిసారి నోరు మూసుకోవడానికి అవస్థ పడ్డవాడు. వాడంటే నాకిప్పుడు కాస్త ముద్దొచ్చింది. ఆ తరవాత ఈ నోరు మళ్ళీ మూతపడలేదు.

మొన్న ఆ గుండుసూది గారే మా ఇంటికొచ్చేరు. కువైట్లో చాలాకాలం చేసి, రిటైరై, ఇప్పుడు కొత్తపేటలో ఉంటున్నారు. (గుండుసూది అన్న పేరు ఒంటికి బొత్తిగా సరిపోవడం లేదు.) ఇటు వచ్చినప్పుడల్లా మా ఆవిడకీ నాకూ బీపీ చూసి, ఉప్పు తగ్గించమని తిట్టి వెళ్తారు. కాఫీ ఇచ్చి, ఇదంతా చదివి వినిపించేను. పట్టీ నా జబ్బకి చుట్టి గాలి కొడుతూ చివరిదాకా విన్నారు.

"బావుందండి," అన్నారు. "అరవండి అన్నాను, అది నిజమే. మీరు అరవలేదు. ఉపన్యాసమూ ఇవ్వలేదు. కళ్ళు తేలేసి నా మీద కక్కేరు."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నించుంది.

"మర్యాదా లేదు, ఏమీ లేదండి. నొప్పికే అన్నారు, మొదటిరోజు కూడాను. సూది మొద్దుబారిపోయింది, నా చెయ్యీ కుదర్లేదు. సిస్టరు గారికి మన గోదావరి తెలుగు రాకపోయినా మీ మొహం చూస్తే తెలిసింది. కాకినాడ మేడమ్ గారు నన్ను పాస్ చేసింది మీరు చెప్పినందుక్కాదు. మీ తల ఒళ్ళో పెట్టుకుని, మొహం చిట్లించకుండా, ముందు మీ మూతి తుడిచి తరవాత నా చీర చూసుకున్నానని. మీకు తెలివొచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయేరు కూడాను. అదైనా నా చీర కాదండి, పరీక్షకని సీనియర్ దగ్గర అడిగి కట్టుకొచ్చింది. పొద్దున్న పులిహోర తిన్నారు మీరు, వద్దన్నా వినకుండా. ఆ పసుపు ఎంత ఉతికినా వదల్లేదు. రాస్తే అది రాయండి."