మా బావ పంపని మెయిలు

మా అక్క మొగుడంత అనుమానపు మనిషి ఇంకొకడు ఉండడు. రక్తపరీక్షల ల్యాబులో రోగుల రిపోర్టులు దాచే రెండు సర్వర్లకి కాపలా కాయడం ఆయన ఉద్యోగం. అదే ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చోవడం నా ఖర్మ. ఇంట్లో బావ, ఆఫీసులో సారు. ఎక్కడైనా చాదస్తం ఒకటే.

నెలకోసారి తనే దొంగ మెయిళ్ళు తయారుచేసి మా అందరికీ పంపేవాడు, ఎవరు మోసపోతారో చూద్దామని. "మీ సెలవు రద్దయింది, ఇక్కడ నొక్కండి" అని ఉండేది. నొక్కినవాళ్ళకి గంటసేపు క్లాసు. నేను మూడుసార్లు బుక్కయ్యాను. మూడోసారి అక్కకి కూడా చెప్పి, ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకే ఆ మంగళవారం పొద్దున్న "కొత్త యూనిఫాం కొలతలు" అని మెయిలొస్తే నా పంట పండిందనుకున్నాను. మా ల్యాబులో యూనిఫాంలే లేవు, ఇది బావ పనే. పరిగెత్తుకొస్తాడు కదా, "తెలిసే నొక్కాను, ఇంత అధ్వానంగా రాస్తావేంటి" అని కడిగేద్దామని కావాలనే దాంతో వచ్చిన ఫైలు తెరిచాను.

బావ రాలేదు. స్క్రీను మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిచ్చి అక్షరాలుగా మారిపోసాగాయి. ఇది నిజంగానే దొంగలు పంపిన వైరస్. చెబితే ఉద్యోగం ఊడుతుంది. నోరు మూసుకుంటే ఇన్ని కంప్యూటర్లలో ఎక్కడ మొదలైందో తేలేసరికి సర్వర్లు కూడా పోతాయి. ఎదురుగా బెంచీల మీద రిపోర్టుల కోసం నలభై మంది. ఒక నిమిషం ఊరుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాత సర్వర్ గదికి పరిగెత్తాను.

"బావా, యూనిఫాం మెయిలు నువ్వు పంపిందేనా?"

"ఏం మెయిలు?"

చెప్పాను. ఆయన తిట్టలేదు. ముందు సర్వర్ల తీగలు ఊడదీసి, కౌంటరుకొచ్చి నా కంప్యూటరు తీగ ఒక్క లాగు లాగాడు, ఆ వెంటనే మిగతావాళ్ళవీ. సాయంత్రం దాకా అన్నం కూడా తినకుండా అన్నీ వెతికి చూశాడు. నా కంప్యూటరు పోయింది, ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. రిపోర్టులు దక్కాయి.

డైరెక్టరుగారు అందర్నీ పిలిచారు.

"ఎవరు తెరిచారు?"

"తప్పు నాదేనండి," అన్నాడు బావ. "దొంగ మెయిలంటే నా వేళాకోళమేనని వీళ్ళకి అలవాటు చేసింది నేనే."

"నేనడిగింది పేరు."

"చెప్పనండి. ఒకళ్ళు భయపడుతూనే వచ్చి చెప్పబట్టి ఇవాళ బతికాం. పేరు బయటపెడితే రేపు ఎవరూ వచ్చి చెప్పరు."

ఈ మనిషినా నేను పదేళ్ళుగా ఆడిపోసుకుంటున్నది? సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. చెయ్యెత్తాను.

"నేనేనండి," అన్నాను.