సగం కూర్చున్నవాళ్ళు

"ఇంకా కూర్చోకమ్మాయ్. అలాగని లేచి నిలబడనూ వద్దు. ఉన్నదున్నట్టు అక్కడే ఉండు."

మేనకోడలు భుజాన సంచీతో స్టూలుకు జానెడు ఎత్తున గాలిలో ఆగిపోయింది. ఎదురుగా మామయ్య పెన్సిలు అందుకున్నాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. కళ్ళెదుట ఎవరినీ ఏ పనీ పూర్తి చేయనివ్వడు. టీ కప్పును నోటిదాకా పోనివ్వడు, తుమ్మబోయేవాణ్ణి తుమ్మనివ్వడు. పని మొదలుతో ఆయనకు పనిలేదు, చివరతోనూ పనిలేదు. మధ్యది కావాలి.

"అమ్మ ఇవాళ కూడా మంచం దిగలేదు మామయ్యా," అందామె ఆ భంగిమలోనే. "వ్యాయామం చేయించే ఆవిడ గట్టిగానే చెప్పింది. ఇప్పుడు నడక మొదలుపెట్టకపోతే ఇక మంచానికే అతుక్కుపోతుందట."

"మోకాళ్ళు వణుకుతున్నాయి. బాగుంది, వణకనీ."

ఆమెకు ఒళ్ళు మండింది. కావాలనే దబ్బుమని కూర్చుంది.

"అదుగో, చివరిది పాడుచేశావు," అని నిట్టూర్చాడాయన. కాస్త ఆగి, సాయంత్రం వస్తానని అక్కతో చెప్పమన్నాడు.

కదిలే బొమ్మల పుస్తకాలు తయారుచేయడం ఆయన వృత్తి. ఒక గుర్రం పరుగెత్తాలంటే ఆరు గుర్రాలు గీయాలి. ఆ ఆరింటినీ సన్నటి పేలికలుగా కోసి, పక్కపక్కన పేర్చి, ఒకే బొమ్మ చేస్తాడు. ఉత్త కళ్ళతో చూస్తే అది గుర్రంలా ఉండదు, వానకు తడిసిన గోడలా ఉంటుంది. నల్ల గీతలున్న ప్లాస్టిక్ రేకును దానిమీద పెట్టి జరిపితే, గీతలు అయిదు గుర్రాలను దాచి ఒక్కదాన్నే చూపిస్తాయి. రేకు జరిగేకొద్దీ ఒకటి దాక్కుంటుంది, ఇంకొకటి బయటికొస్తుంది. పేజీలో ఏదీ కదలదు. గుర్రం పరుగెత్తిందని కన్ను నమ్మేస్తుంది, అంతే. గబుక్కున లాగితే మాత్రం మళ్ళీ తడిగోడే. చేతికి పుస్తకమిచ్చిన ప్రతివాళ్ళకూ "మెల్లగా, మెల్లగా" అని చెప్పీ చెప్పీ ఆయన పేరే వీధంతటికీ 'మెల్లగా మామయ్య' అయిపోయింది.

ఒకసారి సెలూన్‌లో, తన గొంతు మీదే కత్తి ఉండగా, "ఆగు నాయనా, ఆ మణికట్టు కదపకు," అని జేబులో పెన్సిలు కోసం వెతుక్కున్నాడు. గడ్డం గీసేవాడికి చెమటలు పట్టాయి. అప్పట్నుంచీ అతను పెన్సిలు ముందే లాక్కుని అద్దం దగ్గర పెట్టాకే సబ్బు రాస్తాడు.

పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు యజమాని ఆలస్యమైందని తిట్టడానికోసారి చెయ్యెత్తాడు. "ఆ చెయ్యి అలాగే ఉంచండి," అన్నాడు మామయ్య. ఆరు బొమ్మలు పూర్తయ్యేసరికి యజమానికి కోపం చల్లారి భుజం నొప్పి మిగిలింది. ఏనుగు పుస్తకంలో తొండం ఎత్తేది ఏనుగు కాదు, ఆ చెయ్యే.

ఆయన పొరపాట్లూ ఆయనలాంటివే. చేపల పుస్తకంలో పేలికలు తిరగేసి పేర్చాడు. ఎంత మెల్లగా జరిపినా చేపలన్నీ తోక ముందుపెట్టి వెనక్కి ఈదాయి. ప్రతులన్నీ అచ్చయ్యాకగానీ ఎవరూ చూడలేదు. పిల్లలు దానికోసమే ఎగబడటం వేరే సంగతి.

ఈమధ్య మాత్రం జబ్బు ముదిరింది. పరుగెత్తేవాళ్ళూ తుమ్మేవాళ్ళూ ఆయనకు అక్కర్లేకపోయారు. కూర్చోబోయేవాళ్ళే కావాలి. బస్సులో ఒక పెద్దమనిషిని సగంలో ఆపితే, ఆ సందులో ఇంకొకావిడ సీట్లో సర్దుకుంది. పోస్టాఫీసు గుమాస్తా ఒకపూట సగం కూర్చునే ముద్రలు వేశాడు. మామయ్య వీధి మలుపులో కనబడితే చాలు, టీ కొట్టు ముందు బెంచీలన్నీ ఖాళీ. ఇస్తానన్న కప్ప పుస్తకం ఎప్పుడిస్తారని ప్రెస్సు యజమాని మేనకోడలికి కబురు మీద కబురు పంపుతున్నాడు. కప్ప జాడ లేదు. బల్లనిండా కుర్చీలే.

మేనకోడలి ఇంట్లో చూస్తే అమ్మ సంగతి అలా ఉంది. ఆవిడ మామయ్యకు సొంత అక్క. ఊళ్ళో పిల్లలందరికీ ఈత నేర్పిన మనిషి. భయపడి ఈత కొలను గట్టున నిలబడ్డవాళ్ళను వెనకనుంచి ఒక్క తోపు తోసేది. అలాంటి మనిషి వంటింట్లో స్టూలు ఉందనుకుని, లేనిచోట కూర్చుంది. తుంటి ఎముక విరిగింది. ఎముక అతికింది గానీ మనిషి కదల్లేదు. సగం లేచి, మళ్ళీ మంచం మీద వాలి, రేపు చూద్దాంలే అంటుంది. లేచే శక్తి లేదని అందరూ అనుకున్నారు.

సాయంత్రం మామయ్య వచ్చి అక్క ఒళ్ళో ఒక పుస్తకం పెట్టాడు. అట్ట మీద జిగురు ఇంకా ఆరలేదు.

"ఏంట్రా, నాకు పిల్లల పుస్తకం తెచ్చావా?"

రేకు జరిపింది. పేజీలో గుండ్రటి కళ్ళజోడు, మెడలో ఈత కొలను దగ్గరి ఈల. ఆవిడే. నిటారుగా నిలబడ్డ ఆవిడ చెయ్యి వెనక్కి పోయింది, మోకాళ్ళు వంగాయి, కుర్చీలో కూర్చుంది.

మేనకోడలు తల పట్టుకుంది. "మామయ్యా, మళ్ళీ చేపల పనే చేశావు. అమ్మ లేవాలి. నువ్వు కూర్చోబెడుతున్నావు."

"తిరగెయ్యలేదమ్మాయ్," అన్నాడాయన తాపీగా. "లేవడం అక్కకి వచ్చు. రోజూ సగం లేస్తుంది. ఆ సగంలో ఆగి వెనక్కి చూస్తుంది, మళ్ళీ కూర్చోడానికి అక్కడేమైనా ఉందా లేదా అని. అది మీరెవరూ చూడలేదు."

అక్క గబగబా రేకు లాగింది. బొమ్మ చెదిరిపోయింది.

"మెల్లగా అక్కా."

ఈసారి మెల్లగా జరిపింది. "ముందు చేత్తో కుర్చీ వెతుకుతోంది."

"ఆ. చేతికి దొరికాకే మోకాలు వంచుతోంది. ఎంతమందిని చూశానో. అందరికన్నా భద్రంగా కూర్చునేది పోస్టాఫీసు గుమాస్తాయే."

"అయితే ఈ నడుము నాది కాదన్నమాట."

"మొహం నీది. నడుము గుమాస్తాది."

అక్క నవ్వింది. ఆ నవ్వు ఆ గదిలో వినబడి చాలా రోజులైంది. కుర్చీ ఇలా జరపమంది. మంచం అంచు పట్టుకుని సగం లేచింది. మేనకోడలు భయంగా మామయ్యవైపు చూసింది. ఆయన నోరు అప్పటికే తెరుచుకుంది. చెయ్యి పెన్సిలు దాకా పోయింది. ఆగు అంటాడనే అనుకుంది. ఆయన నోటికి తన చెయ్యే అడ్డం పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషిని పని పూర్తి చేయనిచ్చాడు.

అక్క నిలబడింది. రెండడుగులు వేసి తిరిగింది. వెనక చేత్తో వెతికి, కుర్చీ చెయ్యి దొరకబుచ్చుకుని, మెల్లగా కూర్చుంది.

"ఏరా, మీ గుమాస్తా కన్నా బాగా కూర్చున్నానా?"

"ఒకసారి లేచి మళ్ళీ సగం కూర్చుంటే చెబుతాను," అన్నాడాయన. పెన్సిలు బయటికొచ్చేసింది.

ఇప్పుడావిడ ఇంట్లో గదులన్నీ తిరుగుతోంది, వంటింటి స్టూలు మీద కూడా కూర్చుంటోంది. కప్ప పుస్తకం కూడా ప్రెస్సుకు చేరింది. దాంట్లో కప్ప గెంతబోయేముందు వెనక ఏముందో ఎందుకు తడిమి చూసుకుంటుందో యజమానికి అర్థం కాలేదు.

నిన్న మేనకోడలు చెప్పులేసుకుంటుంటే లోపలినుంచి మామయ్య గొంతు వినబడింది.

"అమ్మాయ్, కాలు అలాగే ఉంచు. ఆ, చాలు, వెళ్ళు. అక్క ఈత కొలను దాకా వెళ్ళాలంటోంది, కిందికి మెట్లు దిగాలి కదా. పోస్టాఫీసు వైపేగా నీ దారి? వాళ్ళింట్లో మెట్లున్నాయేమో గుమాస్తాని ఒకసారి అడిగి రా."